15 స్టాపులు అంటున్నారు, మండువా లోగిట్లో ఎన్ని మిగులుతాయి?

కొబ్బరాకు (అమలాపురం) | రాత్రి 10:12

అందరికీ నమస్కారమండీ. పదకొండేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. కెమెరా మార్చాలి. రెండు చూసి పెట్టుకున్నాను. ఒకదాని కాగితం మీద 15 స్టాపుల డైనమిక్ రేంజ్ (ఒకే ఫ్రేములో ఎంత వెలుగు నుంచి ఎంత చీకటి దాకా పట్టగలదో ఆ లెక్క) అని ఉంది, రెండోదానికి 13 అని ఉంది. మధ్యలో లక్ష రూపాయల పైన తేడా. పేర్లు రాయడం లేదు, రాస్తే ఈ చర్చ కంపెనీల కోడిపందెం అయిపోతుంది.

అసలు సంగతి చెబుతాను. పోయిన మాఘంలో అంబాజీపేట వైపు ఒక పెళ్లి. పాతకాలం మండువా ఇల్లు, పగటి ముహూర్తం. పదకొండున్నరకి మండువాలోంచి ఎండ సరిగ్గా పీటల మీద సగం పడింది. పెళ్లికూతురు మధుపర్కంలో ఉంది. ఎండలో ఉన్న భుజం మీద నేత లేదు, మడత లేదు, తెల్ల కాగితం అంటించినట్టు ఉంది. వెనక వసారాలో పడక్కుర్చీలో తాతగారు కూర్చుని ఉన్నారు. ఎడిటింగ్‌లో ఆయన్ని పైకి లాగితే మొహం నిండా ఆకుపచ్చ, ఊదా రంగు మచ్చలు. ఫైల్ ఇచ్చిన రెండోరోజు పెళ్లికూతురి తండ్రి ఫోన్ చేసి, "మా నాన్నగారు అంతసేపు కూర్చున్నారు కదండీ, ఒక్కచోటా సరిగ్గా కనపడలేదేంటి" అన్నారు. ఏం చెప్పాలో తెలియలేదు.

ఆ రెండు స్టాపులు పెట్టి కొంటే తాతగారు కనపడతారా? అదొక్కటే నా ప్రశ్న.

లంకలోలెన్స్ (ముమ్మిడివరం) | రాత్రి 10:31

15 తీసుకోండి అన్నా. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

గేటుకింద (ధవళేశ్వరం) | రాత్రి 11:05

ఆలోచించడానికి చాలా ఉంది తమ్ముడూ.

కొబ్బరాకు గారూ, మా బ్యారేజీ దగ్గర గేజీ చూసే ఉంటారు. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. సెన్సార్‌లో ఒక్కో పిక్సెల్‌నీ అలాంటి చిన్న చెరువు అనుకోండి. వెలుగు పడితే ఎలక్ట్రాన్లు నిండుతాయి. గట్టు దాటితే పొర్లిపోతాయి, ఇక ఎంత పోసినా లెక్కకి రాదు. మీ మధుపర్కం భుజం అదే. అడుగున బురద ఉంటుంది, అది సెన్సార్‌ని చదివేటప్పుడు పుట్టే రీడ్ నాయిస్. నీళ్లు బురద కంటే పైన ఉంటేనే నీళ్లని తెలుస్తుంది. గట్టు ఎత్తుని బురద మందంతో భాగిస్తే వచ్చేదే డైనమిక్ రేంజ్. ఒక్కో స్టాప్ అంటే ఒక రెట్టింపు.

అంకెల్లో చూద్దాం. పిక్సెల్ 40,000 ఎలక్ట్రాన్లు పట్టి, రీడ్ నాయిస్ 10 ఎలక్ట్రాన్లయితే నిష్పత్తి 4,000. అంటే దాదాపు 12 స్టాపులు. చెరువు అంతే ఉంచి బురదని 2.5కి తగ్గించండి, 16,000 అవుతుంది, దాదాపు 14 స్టాపులు. గట్టు ఒక్క అంగుళం పెరగలేదు, పెరిగిందంతా అడుగునే. అందుకే "రెండు స్టాపులు ఎక్కువ" అని ఎవరైనా అంటే, పైనా కిందా అని ముందు అడగాలి. మీ మధుపర్కానికి కావలసింది పైన. తాతగారికి కావలసింది కింద.

ఎడిట్‌గది (రాజమండ్రి) | రాత్రి 11:40

గేటుకింద గారు చెప్పిన దాంట్లో ఒక మెలిక ఉంది. బురద కంటే నీళ్లు ఎంత పైన ఉంటే "కనపడింది" అని లెక్కేస్తారు? ఇక్కడే కాగితాలు విడిపోతాయి.

సిగ్నల్, నాయిస్ సమానంగా ఉన్న చోటిదాకా లెక్కపెడితే ఎస్ఎన్ఆర్ 1 అంటారు. అక్కడ బొమ్మ ఎంతో ఇసుక (చుక్కలు చుక్కలుగా కనపడే నాయిస్) అంతే. ఆ మెట్టు పరీక్ష చార్టు మీద తెలుస్తుంది, మనిషి మొహం మీద పనికిరాదు. సిగ్నల్ రెండింతలు ఉన్న చోట ఆపితే ఎస్ఎన్ఆర్ 2. ఒకే కెమెరాకి ఈ రెంటి మధ్యే స్టాప్ పైన తేడా వస్తుంది. కెమెరాలు పరీక్షించే సినేడీ వెబ్‌సైటు వాళ్లు 21 మెట్ల జైలా చార్టు (మెట్టు మెట్టుకీ వెలుగు తగ్గే పలక) పెట్టి రెండు అంకెలూ ఇస్తారు. వాళ్ల పరీక్షలో అలెక్సా మినీ ఎల్‌ఎఫ్‌కి ఎస్ఎన్ఆర్ 2 దగ్గర వచ్చింది 13.5. సినిమాలు తీసే కెమెరాకే అది 13.5 అయితే, మన చేతిలో ఇమిడే పెట్టె 15 అంటోందంటే ఆ 15ని ఏ గజంబద్దతో కొలిచారో అడగాలి కదా.

ఇంకో గారడీ ఉంది. 4కేలో తీసి హెచ్‌డీకి కుదిస్తే నాలుగు పిక్సెళ్లు కలిసి ఒకటవుతాయి. నాయిస్ సగమవుతుంది. కూర్చున్న చోటే ఒక స్టాప్ లాభం. సెన్సార్ అదే, కొలిచిన సైజు వేరు. దాన్ని మోసం అనను. కానీ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టేటప్పుడు రెండూ ఒకే కొలతా కాదా అన్నది ఎవరూ చూడరు.

అన్నిటికన్నా నాకు ఒళ్లుమండేది కెమెరా లోపలి నాయిస్ రిడక్షన్. నీడలో ఇసుకని తుడిచేస్తుంది. చార్టు మీద మెట్లు నున్నగా ఉంటాయి కాబట్టి తుడిచినా నష్టం కనపడదు, పైగా అంకె పెరుగుతుంది. మనిషి దగ్గరకొస్తే ఇసుకతోపాటు గడ్డం వెంట్రుకలు, చీర నేత, నుదుటి ముడతలు కూడా పోతాయి. తాతగారు కనపడతారు, కాకపోతే మైనపు తాతగారు.

లంకలోలెన్స్ (ముమ్మిడివరం) | ఉదయం 6:50

సరే అన్నా, ఒప్పుకున్నాను. కానీ నికాన్ డీ850కి కెమెరాలు పరీక్షించే డీఎక్స్‌ఓ వాళ్లు 14.8 ఇచ్చారు కదా? అది కూడా అబద్ధమేనా? ఇంకోటి, కెమెరాలో ఐఎస్ఓ సెట్టింగు పెంచితే నీడలోకి వెలుగు వస్తుంది కదా. నేను అలాగే తీస్తాను.

ఎడిట్‌గది (రాజమండ్రి) | ఉదయం 8:15

అబద్ధం కాదు తమ్ముడూ, అది ఫొటో లెక్క. ఐఎస్ఓ 64 దగ్గర, రా ఫైల్ (సెన్సార్ ఇచ్చిన ముడి ఫైల్) మీద, బొమ్మని 8 మెగాపిక్సెళ్లకి కుదించినట్టు లెక్కగట్టి ఇచ్చిన అంకె. వీడియో నొక్కగానే ఆటే మారిపోతుంది. చాలా మిర్రర్‌లెస్ కెమెరాలు ఫొటోకి సెన్సార్‌ని 14 బిట్లలో చదివి, వీడియోకి 12 బిట్లకి దిగుతాయి. సెకనుకి పాతిక, యాభైసార్లు చదవాలి మరి. 12 బిట్లంటే 4,096 మెట్లు. పై స్టాప్ ఒక్కటే అందులో సగం తినేస్తుంది, దాని కింది స్టాప్ మిగిలిన దాంట్లో సగం. ఇలా దిగుతూ పోతే పన్నెండో స్టాప్‌కి చేతిలో మిగిలేది ఒకటీ అరా మెట్టు.

అలెక్సాలో దీనికి వేరే దారి వెతికారు. ప్రతి పిక్సెల్‌నీ ఒకేసారి రెండు గెయిన్లతో (సిగ్నల్‌ని పెంచే స్థాయిలతో) చదువుతారు, ఒకటి నీడల కోసం, ఒకటి వెలుగుల కోసం. తర్వాత రెంటినీ కలుపుతారు.

గేటుకింద (ధవళేశ్వరం) | ఉదయం 8:40

ఐఎస్ఓ సంగతి నేను చెబుతాను. ఐఎస్ఓ వెలుగు పుట్టించదు. సెన్సార్ మీద పడిన నీళ్లు ఎన్నో అన్నే. లాగ్‌లో (వెలుగూ నీడా రెండూ దక్కేలా చప్పగా రికార్డు చేసే పద్ధతి) తీసేటప్పుడు ఐఎస్ఓ మారిస్తే మారేది మిడిల్ గ్రే (నడిమి బూడిదరంగు) ఎక్కడ కూర్చోవాలన్నదే. మొత్తం స్టాపుల అరలు అన్నే ఉంటాయి, పై అరలు ఎన్ని, కింది అరలు ఎన్ని అన్న పంపకం మారుతుంది. అలెక్సా తయారుచేసే ఆరీ వాళ్లు పాత అలెక్సాకి ఈ పంపకాన్ని కాగితం మీదే పెట్టారు. ఈఐ (ఐఎస్ఓ లాంటి అంకె) 800 దగ్గర గ్రే పైన 7.4, కింద 6.6. ఈఐ 1600కి వెళితే పైన 8.4, కింద 5.6. మొత్తం 14 మారలేదు చూడండి.

రెండు బేస్ ఐఎస్ఓలు (సెన్సార్‌కి సహజమైనవి) ఉన్న కెమెరాల్లో మాత్రం రెండోదానికి వెళ్లగానే చదివే దారే మారుతుంది. సోనీ ఏ7ఎస్3లో ఎస్‌లాగ్3కి ఆ రెండూ 640, 12,800. అందులో 6,400 పెట్టేకంటే 12,800 పెడితేనే నాయిస్ తక్కువ. తెలియకపోతే ఎవరూ నమ్మరు. రాత్రి ఊరేగింపులకి ఇదే కీలకం.

పాతటేపు (నరసాపురం) | మధ్యాహ్నం 1:20

మీరంతా చదువుకున్నవాళ్లు. నేను పీడీ170 టేపు కెమెరా మోసినవాణ్ణి. మూడు సీసీడీ సెన్సార్లు. పెట్రోమాక్స్ లైటు ఫ్రేములోకి వస్తే నిలువునా పై నుంచి కిందికి తెల్ల గీత పడేది. స్మియర్ అంటారు. పెళ్లికొడుకు నెత్తి మీద ఆ గీత పడితే వాళ్ల బామ్మ "దేవుడి వెలుగు నాయనా" అనుకుని దండం పెట్టింది, నేను కూడా కాదనలేదు.

అప్పుడు చేతిలో ఉన్నది ఐదారు స్టాపులు. ఇప్పటికీ ఇంట్లో మామూలు టీవీ చూపించేది సుమారు అంతే కదా? పదమూడు తీసి ఆరులో కూరేటప్పుడు ఏది ఉంచాలో, ఏది వదలాలో తెలియకపోతే పదిహేను ఉండి ఏం లాభం? తాతగారి పక్కన ఒక లైటు పెట్టుకుంటే పోయేది. లక్ష రూపాయలు మిగులును.

కొబ్బరాకు (అమలాపురం) | మధ్యాహ్నం 2:05

పాతటేపు గారూ, లైటు పెట్టనిస్తే కదండీ. పంతులు గారి పక్కన స్టాండ్ పెడితే పెద్దవాళ్లు ఊరుకోరు. ఆ ఇంట్లో ప్లగ్గు పాయింట్లు కూడా రెండే.

గేటుకింద గారూ, చార్టు కొనే స్తోమత లేదు. రెండు కెమెరాలూ ఒక్కరోజు అద్దెకి దొరుకుతాయి. ఇంట్లో ఎలా పరీక్షించాలో చెప్పండి.

గేటుకింద (ధవళేశ్వరం) | రాత్రి 9:30

చెబుతాను. పెద్ద పోస్టు అవుతుంది, ఓపిగ్గా చదవండి.

వసారా అంచున ఒక బల్ల వేయండి. నీడలో ఉండాలి, వెలుగు మాత్రం ఆకాశం నుంచి రావాలి. ఎల్ఈడీ, ట్యూబులైటు వద్దు. షట్టర్ మార్చినప్పుడల్లా అవి మిణుకుమంటాయి, లెక్క చెడుతుంది. మబ్బులు పరిగెత్తే రోజు కూడా వద్దు. బల్ల మీద ఒక గ్రే కార్డు, ఒక తెల్ల టర్కీ తువ్వాలు, ఒక నల్ల గుడ్డ, ఒక గోనెసంచి, ఒక కొబ్బరి పీచు ముక్క పెట్టండి. పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టండి. గోనె, పీచు ఎందుకంటే ఎడిట్‌గది గారు చెప్పిన మైనం పట్టుబడేది అక్కడే. ఆ మనిషి చేతికి తాటాకు విసనకర్ర ఇచ్చి మెల్లగా ఊపమనండి. కొన్ని కెమెరాలు నాలుగైదు ఫ్రేములు కలిపి నాయిస్ తుడుస్తాయి. కదలని వాటి మీద అది బాగానే ఉంటుంది, విసనకర్ర అంచు మాత్రం నీడలో తోకలా సాగుతుంది.

రెండు కెమెరాలకీ ఒకే లెన్స్ పెట్టండి, కుదరకపోతే ఒకే ఎపర్చర్ (లెన్స్ రంధ్రం సైజు) అయినా ఉంచండి. బేస్ ఐఎస్ఓ, లాగ్, 10 బిట్. గ్రే కార్డుని ఆ లాగ్‌కి చెప్పిన చోట కూర్చోబెట్టండి. ఎస్‌లాగ్3కి 41 శాతం, వీలాగ్‌కి 42. షట్టర్ 1/400 దగ్గర ఉండేలా ఎపర్చర్ సరిచేసుకోండి. ఐఎస్ఓ 800 అయితే అలాంటి నీడలో ఎఫ్8 ప్రాంతంలో కుదురుతుంది. ఇక ఎపర్చర్ ముట్టుకోవద్దు. దాని మెట్లు కచ్చితంగా ఉండవు, పైగా మార్చినకొద్దీ లెన్స్ తీరు మారుతుంది. షట్టర్ ఒక్కటే మార్చండి. 1/200, 1/100, 1/50, 1/25 వైపు వెళితే ఒక్కో స్టాప్ ఎక్కువ వెలుగు. 1/800, 1/1600, 1/3200, 1/6400 వైపు వెళితే ఒక్కో స్టాప్ తక్కువ. ఒక్కోటి పది సెకన్లు తీయండి.

తర్వాత రిజాల్వ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటినీ గ్రే కార్డు ఒకే చోటికి వచ్చేలా తెండి. ఎక్కువ వెలుగులో తీసిన వాటిలో తువ్వాలు పీచు ఏ మెట్టు దగ్గర మాయమైందో చూడండి. తక్కువ వెలుగులో తీసిన వాటిలో గోనె అల్లిక ఎక్కడ చచ్చిందో, చర్మం రంగు ఎక్కడ ఆకుపచ్చకి తిరిగిందో చూడండి. దీన్ని సరిగ్గా చెప్పాలంటే డైనమిక్ రేంజ్ అనకూడదు, లాటిట్యూడ్ అనాలి. అంటే ఎక్స్‌పోజర్ తప్పినప్పుడు ఎంతవరకు కాపాడుకోగలం అన్నది. పెళ్లిళ్ల వాళ్లకి అసలు కావలసింది కూడా ఇదే.

మూతపెట్టి ఒకటి తీయండి. లెన్స్ మూత బిగించి పది సెకన్లు. ఎడిటింగ్‌లో నాలుగైదు స్టాపులు పైకి లాగండి. ఇసుక ఉంటే పర్వాలేదు, ఇసుక కళ్లు ఓర్చుకుంటాయి. నిలువు గీతలు, గళ్లు, ఒక మూల ఊదారంగు ఉంటే మాత్రం అవి రేపు మీ తాతగారి మొహం మీదికి వస్తాయి. అదే పరీక్ష కెమెరాని అరగంట నడిపి, ఒళ్లు వేడెక్కాక మళ్లీ చేయండి.

పంటురేవు (సఖినేటిపల్లి) | రాత్రి 10:10

ఆ అరగంట మాటని ఎవరూ వదిలేయొద్దు. సెన్సార్ వేడెక్కితే వెలుగు లేకపోయినా ఎలక్ట్రాన్లు పుడతాయి. ఆరు నుంచి ఎనిమిది డిగ్రీలు పెరిగితే ఆ డార్క్ కరెంట్ రెట్టింపవుతుంది. రోహిణి కార్తెలో పంటు (రేవు దాటించే పడవ) మీద నిలబడి తీస్తే తెలుస్తుంది, నీడల్లో చుక్కలు చుక్కలుగా తెల్లపిక్సెళ్లు లేస్తాయి. కాగితాల మీద అంకెలు ఏసీ గదిలోవి.

ఏసీ అంటే గుర్తొచ్చింది. లాడ్జి గదిలోంచి తెల్లారగట్ల కెమెరా తీసుకుని గట్టు మీదికి వస్తే లెన్స్ మీద చెమ్మ కమ్ముకుంటుంది. నీడలు తేలిపోయినట్టు కనపడతాయి. కొత్తలో "ఆహా, ఏం షాడో డీటెయిల్" అని మురిసిపోయాను. తీరా చూస్తే అది వివరం కాదు, లెన్స్‌లో చెల్లాచెదురైన వెలుగు నల్లటి చోట్లని పైకెత్తింది, అంతే. మన గాలికి లెన్సుల్లో బూజు కూడా త్వరగా పడుతుంది. బూజు పట్టిన లెన్స్‌తో ఏ సెన్సార్‌ని కొలిచినా ఆ కొలత లెన్స్‌దే అవుతుంది.

ఎన్‌డీ (వెలుగు తగ్గించడానికి లెన్స్ ముందు పెట్టే నల్లద్దం) సంగతి కూడా చూసుకోండి. మిట్టమధ్యాహ్నం ఐఎస్ఓ 800, షట్టర్ 1/50, ఎఫ్4 కావాలంటే ఎనిమిది స్టాపుల ఎన్‌డీ వేయాలి. చవక ఎన్‌డీలు కంటికి కనపడే వెలుగుని ఆపుతాయి, ఇన్‌ఫ్రారెడ్‌ని వదిలేస్తాయి. ఒకసారి పెళ్లికొడుకు నల్ల కోటు వంకాయ రంగులో వచ్చింది. ఆ ఇంటివాళ్లు కొత్త కోటు కదా అనుకున్నారు, నేను బతికిపోయాను.

లంకలోలెన్స్ (ముమ్మిడివరం) | రాత్రి 10:22

వంకాయ కోటు 😂😂

బంతితోట (కడియపులంక) | రాత్రి 11:00

మా నర్సరీల్లో రీళ్లు తీస్తుంటాను. వెలుగు పోవడం అంటే అందరూ తెల్లగా పోవడమే అనుకుంటారు. బంతిపూల మడి దగ్గరికి రండి, చూపిస్తాను. బొమ్మ మొత్తం మామూలుగానే ఉంటుంది, వేవ్‌ఫామ్ (వెలుగుని శాతాల్లో చూపించే గ్రాఫ్) 70 దాటదు, కానీ పూలు నారింజ ముద్దలు. రేకు మీద రేకు కనపడదు. ఎర్ర ఛానెల్ ఒక్కటే గట్టు దాటేసింది. బేయర్ సెన్సార్‌లో సగం పిక్సెళ్లు ఆకుపచ్చవి, ఎరుపు పావు, నీలం పావు. వెలుగు కొలిచే వేవ్‌ఫామ్‌లో ఎక్కువ బరువు ఆకుపచ్చదే. అందుకే ఎరుపు పోతున్నా కేక వినపడదు. మూడు రంగులూ విడివిడిగా చూపించే పరేడ్ పెట్టుకోండి.

పెళ్లి మండపాల్లో నీలం ఎల్ఈడీలూ ఇంతే. పెళ్లికూతురు చెంప మీద నీలం పడితే ఆ ఛానెల్ నిండిపోతుంది, మిగతా రెండూ ఖాళీ. అది ఎన్ని స్టాపులున్నా ఆగదు. కొబ్బరాకు గారూ, మీ బల్ల మీద కొన్ని బంతిపూలు, కాస్త కుంకుమ కూడా పెట్టండి.

కాలవగట్టు (పి. గన్నవరం) | మరుసటి రోజు, ఉదయం 7:10

నా తప్పు ఒకటి చెప్పనా, ఎవరికైనా పనికొస్తుంది.

జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాను. కనుమ రోజు, నడినెత్తిన ఎండ. ఏకాదశ రుద్రుల ప్రభలు. కౌశిక ఏరు దాటించేటప్పుడు జనం నీళ్లలోకి దిగి భుజాల మీద మోస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది. అందరూ తెల్ల పంచెలే, ప్రభల నిండా రంగు గుడ్డలు, వెనక కొబ్బరితోటల చీకటి. ఎస్‌లాగ్3లో తీశాను. వెలుగు పోకూడదని జీబ్రా (వెలుగు హద్దుకి చేరితే తెర మీద గీతలు చూపించేది) 100 దగ్గర పెట్టాను. సాయంత్రం దాకా ఒక్క గీతా రాలేదు. ఏం కెమెరా కొన్నానురా అని లోలోపల మురిసిపోయాను.

ఇంటికొచ్చి చూస్తే పంచెలన్నీ పోయాయి. నీళ్ల మీద మెరుపు అయితే తెల్ల సున్నం. ఎస్‌లాగ్3లో నా కెమెరా పైకప్పు 94 దగ్గరే ఉంది. అంతకు మించి అది వెళ్లదు, ఇక జీబ్రా 100 దగ్గర ఎలా వస్తుంది? పదకొండు అడుగులకే పొర్లే గట్టుకి పదిహేడు అడుగుల దగ్గర కాపలా కాశానన్నమాట. ఇప్పుడు 93 దగ్గర పెడుతున్నాను. తీర్థం మళ్లీ ఏడాదికే కదా.

గేటుకింద (ధవళేశ్వరం) | ఉదయం 7:45

అయ్యో. ఈ 94 సంగతి ముందే రాయాల్సింది నేను. కొబ్బరాకు గారూ, మీ పరీక్షలో తువ్వాలు ఎక్కడ ఆగిందో వేవ్‌ఫామ్‌లో చూసి ఆ అంకె రాసుకోండి, మీ జీబ్రా అక్కడికి ఒక గీటు కింద.

పాతటేపు (నరసాపురం) | ఉదయం 9:00

నేను మళ్లీ అంటాను, ఇదంతా ఒక్క లైటుతో పోయే పని.

ఎడిట్‌గది (రాజమండ్రి) | ఉదయం 9:25

గురువు గారూ, మీ లైటు మాట నేను కొట్టిపారేయను. నిజానికి సగం న్యాయం మీ వైపే ఉంది. వెలుగులోనే ఇసుక ఉంటుంది. నూరు ఫోటాన్లు పడితే పది అటూ ఇటూ ఊగుతాయి, పదివేలు పడితే నూరు ఊగుతాయి. అంటే మొదటిదాంట్లో పదో వంతు, రెండోదాంట్లో నూరో వంతు. తాతగారి మీద వెలుగే తక్కువ పడితే ఆ ఇసుకని ఏ కంపెనీ తుడవలేదు. తుడిచిందంటే మొహం కూడా తుడిచేసిందన్నమాట.

కానీ ఆ ఇంటి లెక్క వేసి చూడండి. మండువాలో ఎండ ఈవీ (వెలుగు కొలత, ఒక్కో అంకె ఒక స్టాప్) 15, లోపలి వసారా మూలలు ఈవీ 6 అనుకుందాం. గ్రే నుంచి గ్రేకే తొమ్మిది స్టాపులు. ఎండలో తెల్ల గుడ్డ గ్రే కంటే 2.3 పైన, నీడలో నల్ల జుట్టు రెండున్నర కింద. కూడితే దాదాపు 14. 15 కాగితమూ 13 కాగితమూ రెండూ ఇక్కడ అంచు మీదే నిలబడతాయి. కాబట్టి కొబ్బరాకు గారు ఏది కొన్నా ఎండని ఒకటి రెండు స్టాపులు దించడమో, వసారాని ఎత్తడమో తప్పదు.

కొబ్బరాకు (అమలాపురం) | మూడు వారాల తర్వాత, రాత్రి 9:50

ఆలస్యానికి క్షమించండి, ముహూర్తాలు ఊపిరాడనివ్వలేదు. పరీక్ష చేశాను. ఇంట్లో కాదు, ఆ మండువా ఇంటివాళ్లనే అడిగితే రమ్మన్నారు. బల్ల మీద తువ్వాలు, గోనె, పీచు, బంతిపూలు, కుంకుమ. విసనకర్ర పట్టుకుని తాతగారే కూర్చున్నారు. నేను అడగలేదు, "పోయినసారి నన్ను వదిలేశావటగా" అని ఆయనే వచ్చి కూర్చున్నారు.

15 కెమెరాని పెద్దది అంటాను, 13దాన్ని చిన్నది అంటాను. వెలుగు వైపు పెద్దదాంట్లో తువ్వాలు +3 దాకా బాగుంది, +4 దగ్గర పీచు పోయింది. చిన్నదాంట్లో కూడా సరిగ్గా అంతే. మధుపర్కానికి రెండూ ఒకటేనన్నమాట. నీడ వైపు -3 దాకా పెద్దది శుభ్రంగా ఉంది, చిన్నదాంట్లో ఇసుక కనపడింది. అప్పటికి పెద్దదే గెలిచిందనుకున్నాను. -4 దగ్గర గోనెసంచి పెద్దదాంట్లో గోధుమరంగు ప్లాస్టిక్ షీటు అయిపోయింది. విసనకర్రకి తోక వచ్చింది. చిన్నదాంట్లో ఇసుక ఇంకా పెరిగింది, కానీ అల్లిక అల్లికలాగే ఉంది, తాతగారి నుదుటి గీతలు మూడూ లెక్కపెట్టొచ్చు. రిజాల్వ్‌లో నాయిస్ నేనే కొంచెం తుడుచుకుంటే చాలు. పెద్దదాంట్లో మెనూలో నాయిస్ రిడక్షన్ ఆపేశాను, అయినా లాగ్‌లో అది పూర్తిగా ఆగడం లేదు.

మూత పరీక్షలో చిన్నది మొదట బాగుంది. అరగంట ఎండలో నడిపాక కుడివైపు కింద మూల లేత ఊదా వచ్చింది. అంటే అదీ పత్తిత్తు కాదు. పది నిమిషాలు ఆపి నీడలో పెడితే పోయింది. బంతిపూలు రెండింటిలోనూ పోయాయి, బంతితోట గారు నెగ్గారు.

చిన్నదే తీసుకున్నాను. మిగిలిన డబ్బులో మంచి ఎన్‌డీ ఒకటి, గ్రే కార్డు ఒకటి కొన్నాను.

ఎడిట్‌గది గారు చెప్పిన ఎండ దించే పని కూడా అదేరోజు చూశాం. తాతగారి పాత మల్లు పంచె ఒకటి మండువా మీద నాలుగు మూలలా కట్టాం. పీటల దగ్గర స్టాపున్నర తగ్గింది, నీడ అంచులు మెత్తబడ్డాయి. తువ్వాలు, తాతగారు ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉన్నారు.

పాతటేపు (నరసాపురం) | రాత్రి 10:05

చూశావా, లైటు పెట్టడం కాకపోతే లైటు కొట్టడం. నేను చెప్పిందీ అదే.

ఎడిట్‌గది (రాజమండ్రి) | రాత్రి 10:20

ఆ -4 ఫైల్ రెండూ నాకు పంపండి కొబ్బరాకు గారూ. నాయిస్ రిడక్షన్ ఎంత తుడిచిందో ఫ్రేము ఫ్రేము తీసి చూడాలని ఉంది. పంచె అంచు జరీదైతే దాని రంగు కిందకి పడుతుంది, చూసుకోండి.

కొబ్బరాకు (అమలాపురం) | రాత్రి 10:41

రేపు పంపుతానండీ. జరీ కాదు, ఎర్రంచు. కుంకుమ పక్కన పడి మొదటి పది నిమిషాలు వైట్ బ్యాలెన్స్ అనుకుని కొట్టుకున్నాను. ఇప్పుడు తాతగారు ఆ పంచె తిరిగి ఇమ్మంటున్నారు, ఎనిమిదో తారీఖు పెళ్లికి అంత వెడల్పు అంచులేని గుడ్డ అమలాపురంలో ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్పండి.